జైతూన్‌బీ రేకుపడవ

దొరవారిసత్రానికి తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న మా ఊళ్ళో రేకుపని అంటే మొదట చోటే సాహెబ్ పేరు చెప్పేవాళ్ళు. పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయాక, రేకులు అతికే టంకం కడ్డీ ఆయన భార్య జైతూన్‌బీ అందుకొంది. ఆడమనిషి అతికిన బిందె నిలుస్తుందా అని ఎవరైనా అడిగితే, బిందె నిండా నీళ్ళు పోసి వాళ్ళ గుమ్మంలోనే దించి వచ్చేది.

1962 వేసవిలో సామ్రాజ్యం అనే జాలరి మనిషి ఆమె దగ్గరకు వచ్చింది. మొగుడు పోయాక సామ్రాజ్యం రొమ్ములోతు నీళ్ళలో నడుస్తూ రొయ్యలు పట్టేది. లోతుకు వెళ్ళాలంటే పడవ కావాలి. ఆడది పడవెక్కితే ఊరందరి వలలూ ఖాళీగా వస్తాయని కులపెద్ద పోలేరయ్య అడ్డుపడడంతో, ఏ వడ్రంగీ ఆమెకు పడవ చేయలేదు. రేకుతో చేయగలవా అక్కా అని అడిగింది. జైతూన్‌బీ బొక్కెన కంటే పెద్దది ఎన్నడూ చేసి ఎరగదు. అయినా చేస్తానంది.

కిరసనాయిలు డబ్బాలు కోసి, చదును చేసి, అంచులు మడిచి అతికింది. లోపల వెదురు చట్రం పెట్టింది. అడుగు గీసుకుపోకుండా తాటిబద్దలు మేకులతో బిగించింది. ఒక్కరు కూర్చునేంత సన్నటి పడవ. నీళ్ళలో దించిన పూట పది బారలు పోకముందే మునిగింది. ఒడ్డున మగవాళ్ళు నవ్వారు. ఆ రేకులు తీసుకుని పొమ్మన్నాడు పోలేరయ్య.

"తీసుకునే పోతాండా పోలేరన్నా. కారేది యాడో చూసుకోని మళ్ళా తెస్తా," అంది జైతూన్‌బీ.

ఇంటి ముందు పడవను దుంగల మీదికి ఎత్తించి, బయటివైపంతా సున్నం పూసి ఆరనిచ్చింది. ఆపైన లోపల నీళ్ళు నింపి, కింద పడుకుని చూసింది. తెల్లటి సున్నం మీద తడి మచ్చలు ఒక్కొక్కటే తేలాయి. చోటే సాహెబ్ ఎడమచేత్తో వాటి చుట్టూ బొగ్గుతో గీశాడు. అతుకుల దగ్గర కారింది రెండుచోట్లే. మిగతావన్నీ మేకుల చుట్టూ ఉన్నాయి. ఆ బొక్కలు తానే పొడిచినందుకు జైతూన్‌బీకి తన మీదే కోపం వచ్చింది. మేకులన్నీ పీకి, బొక్కలకు రేకుముక్కలు అతికి, తాటిబద్దలను పడవ చుట్టూ తాళ్ళు చుట్టి కట్టింది. అంతటా తారు పూసింది. పడవను ఒడ్డున గుల్లల మీద ఈడ్చవద్దని, ఇద్దరు పట్టి మోయాలని సామ్రాజ్యానికి గట్టిగా చెప్పింది.

ఈసారి పడవ మునగలేదు. సామ్రాజ్యం బుట్టెడు రొయ్యలతో తిరిగి వచ్చింది.

నాలుగోరోజు పొద్దున చూస్తే పడవ అడుగున మూడు బొక్కలు. అరిగి పడినవి కావు, ఈటెతో పొడిచినవి. ఇంక నాకీ పడవ వద్దని సామ్రాజ్యం ఏడ్చింది. జైతూన్‌బీ కుంపటి, టంకం కడ్డీ తీసుకుని ఒడ్డుకు నడిచింది. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళ నడుమ పడవను బోర్లించి, తారు గీకి, ఎండలో కూర్చుని మూడు బొక్కలూ అతికింది. తరువాత దాన్ని దుంగల మీదికెత్తి నీళ్ళు నింపింది. చుక్క కూడా కారడం లేదని అందరికీ కనబడేదాకా కదల్లేదు.

ఈ నీళ్ళలో దీన్ని తిరగనివ్వనన్నాడు పోలేరయ్య.

"పొడిచినోళ్ళు యెవురో నేనడగను," అంది ఆమె. "రోజూ పొడిస్తే రోజూ వచ్చి అతుకుతా. నా కాడ టంకం ఇంకా ఉండాది."

సామ్రాజ్యం కళ్ళు తుడుచుకుని పడవ ఒక కొస పట్టుకుంది.

ఆ తరువాత ఎవరూ దాని జోలికి రాలేదు. పోలేరయ్య మాత్రం జైతూన్‌బీతో మాట మానేసి, తన ఇంటి దీపాలను సూళ్ళూరుపేట పంపి బాగుచేయించుకున్నాడు. వానలు మొదలయ్యేలోపు ఆమె ఇంకో రెండు పడవలు చేసింది, రెండూ ఆడవాళ్ళకే. ఒక మగవాడు కూడా వచ్చి అడిగితే, ముందు అడిగినవాళ్ళవి అయ్యాక రమ్మంది.