వరమ్మ ఆయిలింజను

వేమూరు దగ్గరి ఒక పల్లెలో జకరయ్యకు సొంత ఆయిలింజను ఉండేది. కాలవ నీళ్లు అందని చేలకు దాన్ని ఎడ్లబండి మీద తోలుకెళ్లి నీళ్లు తోడిపెట్టడం అతని జీవనం. 1984లో ఒక పొద్దున స్టార్టు చేస్తుంటే హ్యాండిలు వెనక్కి తన్ని కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది గాని చేతికి పట్టు రాలేదు.

నారుమళ్ల రోజులు. ఇంజను కోసం వచ్చిన రైతులు ఊరికే తిరిగి వెళ్లిపోతున్నారు. అతని భార్య వరమ్మ రెండు రోజులు చూసింది.

"నేను తిప్పుతానయ్యా. నువ్వు గట్టు మీద కూర్చుని చెప్పు."

"నీ వల్ల కాదే."

"తిప్పాక చూద్దాం."

జకరయ్య చెప్పాడు. రాత్రంతా ఆగిన ఇంజనులో ఆయిలు కిందికి జారిపోతుంది. పొద్దున్నే పిస్టను పొడిగా రాసుకుంటుంది, అరుగుదలంతా అప్పుడే. అందుకని గాలి బిగువు వదిలించే లివరు ఎత్తిపట్టి ముందు హ్యాండిలు ఊరికే తిప్పాలి. ఆయిలు పైకెక్కాక లివరు వదిలితే ఇంజను అంటుకుంటుంది. అంటుకున్నాక కూడా పంపుకు బెల్టు వెయ్యకుండా నెమ్మదిగా నడవనివ్వాలి. ఇంజను మీది నీళ్లతొట్టికి అరచెయ్యి ఆనిస్తే వెచ్చగా తగలాలి. అప్పుడే బెల్టు.

మొదట్లో ఆమె భుజాలు వాచాయి. అత్త దానమ్మ ఉప్పు కాపడం పెట్టేది. ఆ నెల గడిచేసరికి ఇంజను ఆమె మాట వినసాగింది.

ఆ ఏడే రామకృష్ణ అనే రైతు నారుమడి నెర్రెలిచ్చింది. ఇంజను అంటుకోగానే అతను తనే బెల్టు అందుకున్నాడు. వరమ్మ దాని మీద చెయ్యి వేసింది.

"ఇంకాస్త వెచ్చబడనివ్వండి బాబుగారూ."

"నారు మాడిపోతుంటే ఇంజనుకు చలి కాచడమేంటి?"

"వేసేస్తానండి. కాసేపు."

"ఆడమనిషిని పిలిస్తే ఇంతే."

గట్టు మీద జకరయ్య లేవబోయాడు. ఆమె కూర్చోమన్నట్టు చూసింది. తొట్టి వెచ్చబడ్డాక బెల్టు వేసింది. నీళ్లు పడ్డాయి. రామకృష్ణ ఆమె వైపు చూడకుండా మడిలోకి దిగాడు.

ఇంటికెళ్లే దారిలో వరమ్మ అంది, "ఆ నారు చూస్తే వేసేద్దామనిపించింది."

"నాకూ అనిపించింది" అన్నాడు జకరయ్య.

మరుసటి ఏడు ఇంజను తెమ్మని రామకృష్ణే కబురు పంపాడు. పాత మాట ఎవరూ ఎత్తలేదు.

తర్వాత చాలా ఏళ్లు ఆమె చేతి మీదే ఇంజను నడిచింది. ఆయిలు నల్లబడితే మార్చేది, రాత్రి గోనెపట్టా కప్పేది. పిస్టను రింగులు ఒక్కసారి మార్పించారు. పిస్టను ఆడే గొట్టం, లైనరు, ఇంకా అరగకుండా బాగానే ఉందని తెనాలి మెకానిక్కు చెప్పాడు. ఈలోగా చేలల్లోకి కరెంటు మోటార్లు వచ్చాయి. పిలిచేవాళ్లు తగ్గారు. 1993లో అడవులదీవి రొయ్యల చెరువులవాళ్లకు ఇంజను అమ్మేశారు.

కొన్నాళ్లకు ఇద్దరూ చూడడానికి వెళ్లారు. ఇంజను చెరువు కట్ట మీద నడుస్తోంది.

"పొద్దున్నే ఎలా మొదలుపెడుతున్నారు?" అని వరమ్మ అడిగింది.

"ఆపేదెక్కడమ్మా? రాత్రీ పగలూ నడవాల్సిందే" అన్నాడు కాపలామనిషి.

చల్లబడకపోతే దానికి మంచిదేనని వరమ్మ అనుకుంది. అయినా కాసేపు అక్కడే నిలబడింది. అతను అన్నం తిని వెళ్లమన్నాడు. తిన్నారు. రేపల్లె బస్సులో జకరయ్య నిద్రపోయాడు. వరమ్మ కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది.