గోడ మీద భక్తులు

మా బాబాయి దర్జీ. మంచివాడు కావాలని ఆయన పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు, ముఖ్యంగా పగవాడి భార్యకు. నెలకొక బైబిలు భక్తుణ్ణి ఎంచుకుని, గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో ఆ పేరు కొట్టు గోడ మీద రాసి, నెలంతా ఆయనలా బతికేవాడు.

యోబు నెలలో అన్నం పది నిమిషాలు ఆలస్యమైతే, "నేనిక్కడ ఓర్పు నేర్చుకుంటుంటే చెడగొడతావేంటి!" అని పిన్ని మీద ఇంతెత్తున లేచాడు. అబ్రాహాము నెలలో దారినపోయేవాళ్లందర్నీ భోజనానికి పిలిచాడు. ఆతిథ్యం ఆయనది, వంట పిన్నిది. ఆవిడ పక్క మిషను దగ్గర కూర్చుని, గుండీల కాజాలన్నీ చేత్తో కుడుతూ, ఎవరి చొక్కాకు చిరుగు కనబడినా అడక్కుండానే కుట్టిచ్చేది. ఆవిడకు గోడ మీద భక్తుడూ లేడు, చదివే తీరికా లేదు.

తర్వాత దానియేలు నెల వచ్చింది. అంటే నిజాయితీ. ఆ ఆదివారమే బాబాయిని సంఘ పెద్దగా ప్రకటించబోతున్నారు. ఇరవై ఏళ్లుగా ఆయన కన్నంతా ఆ కుర్చీ మీదే. ఆ రోజు తాను తొడుక్కోవడానికి పాస్టరు గారు కోటు గుడ్డ ఇచ్చారు. కుర్చీ ధ్యాసలో బాబాయి గుడ్డ తిరగెయ్యకుండా చేతులు కత్తిరించేశాడు. రెండూ ఎడమ చేతులే వచ్చాయి.

సరిగ్గా అప్పుడే పాస్టరు గారు కొట్లోకి వచ్చారు.

"ఇదేంటి బ్రదర్, ఇలా వచ్చాయి?"

"మా ఆవిడ కత్తిరించిందండీ," అన్నాడు మా దానియేలు.

పిన్ని తలెత్తి ఒక్కసారి చూసింది. పాస్టరు గారు వెళ్లాక మిగిలిన ముక్కలు కలిపి, చంక కింద అతుకు వేసి కుడి చెయ్యి తయారుచేసింది. కొలతలివ్వడానికి వెళ్లి ఇదంతా చూసిన నాకు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం చర్చిలో పాస్టరు గారు, "మన కొత్త పెద్ద ఎవరి అడుగుజాడల్లో నడుస్తున్నారో చెబుతారు," అని చెయ్యెత్తి పిలిచారు. బాబాయి దానియేలు మీద అరగంట ప్రసంగం సిద్ధం చేసుకొచ్చాడు. ఎత్తిన ఆ చేతి కింద అతుకు ఆయన కంటబడింది. ప్రసంగం పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఆ కోటు చేతులు తప్పుగా కత్తిరించింది నేనండీ. మా ఆవిడ మీదికి నెట్టేశాను. ఆవిడ నోరెత్తకుండా సరిచేసింది. నాకీ పదవి వద్దు."

అందరూ ఆయన్ని తెగ మెచ్చుకుని, కుర్చీ మాత్రం ఇంకొకరికిచ్చారు.

మర్నాడు గోడ మీద దానియేలు చెరిగిపోయి, 'మా ఆవిడ' అని ఉంది. పిన్ని అది చదివి సూదీ దారమూ ఆయన చేతిలో పెట్టింది.

"అయితే ఈ నెల కాజాలన్నీ మీరే కుట్టండి."

ఆ నెల మొదలై మూడేళ్లవుతోంది. కాజాలు ఇంకా వంకరగానే వస్తున్నాయి, పేరు మాత్రం ఆయన చెరపలేదు.