చావింట్లో నేనడిగిన ఫోను

లైబ్రరీ మేడమ్ పోయిందన్న కబురు మంగళవారం తెల్లవారాక వచ్చింది. నేను జీడిపిక్కల షెడ్డుకు బయల్దేరుతూ అన్నం క్యారేజీ కట్టుకుంటున్నాను. మనవరాలు ఫోను చెవికి పెట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. “అమ్మమ్మా, మేడమ్ నేరట” అంది.

అబద్ధం చెప్పను. నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆ సాయంత్రంతో కాలేజీ ఆప్షన్లు మూసేస్తారు. నా మనవరాలివి ఒక్కటీ కంప్యూటరులోకి ఎక్కలేదు. ఎక్కాలంటే ముందు ఓటీపీ రావాలి. అది వచ్చేది మేడమ్ ఫోనుకు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలే రాస్తోంది. చావింటికి పోయి ఫోను అడిగిన ముసలిదని పలాసలో మా వీధి వీధంతా నన్ను అంటోంది. అననీ. ఆ మాట పక్కన ఆమె గురించి కూడా నాలుగు మాటలు ఉండాలి. అందుకని చెబుతున్నాను.

ఆమె సర్కారు జూనియర్ కాలేజీలో పుస్తకాలు చూసుకునేది. అత్తవారి ఊరు సుమ్మాదేవి దగ్గర. రోజూ ప్యాసింజరు బండిలో పలాస వచ్చేది. ఇంటరు అయిన పిల్లలకు ఏ కాలేజీ అడగాలో, ఏ కాగితం ఎక్కడ తేవాలో చెప్పడం ఆమె ఉద్యోగం కాదు, ఎవరూ అప్పజెప్పలేదు. కానీ ర్యాంకులు వచ్చే రోజుల్లో లైబ్రరీ ముందు చెప్పులు గుట్ట పడేవి. అన్నీ ఆడపిల్లల చెప్పులే.

నేను ఆమెను మొదట చూసింది ఆదాయం సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసులో. నా కూతురూ అల్లుడూ చెన్నైలో కట్టుబడి పనిలో ఉన్నారు. ఇక్కడ పిల్లకు పెద్దదిక్కు నేనే. వేలిముద్ర వెయ్యమన్నారు. వేశాను. ఎర్ర లైటు వెలిగింది. పది వేళ్లూ వేశాను. పదిసార్లూ ఎర్ర లైటే. నువ్వు మనిషివి కావు పో అన్నట్టు. నా వేళ్ల వల్ల పిల్ల చదువు ఆగిపోతుందా అనుకున్నాను.

పిల్లతో వచ్చిన మేడమ్ నా చెయ్యి తీసుకుని వెలుగులో తిప్పి చూసింది.

“జీడి సేతులు మామ్మా ఇవి. గీతలన్నీ జీడి తినేసినాది. ఎన్నాళ్లనించి కొడతన్నావు పిక్కలు?”

“పెళ్లైన కాణ్నించి.”

“అయితే వారం రోజులు పిక్క ముట్టుకోకు. కొబ్బరినూని రాసి, గోరెచ్చటి నీళ్లలో ఎట్టు.”

“పని మానితే తిండెవులెడతారు? నువ్వెడతావా?”

“ఎడతాను. డాట్రు నన్నెలాగూ ఏటీ తిననివ్వడు. నా కంచం నీదే.”

నవ్వులాటకు అంది అనుకున్నాను. వారం రోజులూ మనవరాలి చేతికి క్యారేజీ ఇచ్చి పంపింది. ఎనిమిదో రోజు బొటనవేలు పడలేదు, చూపుడువేలు పడలేదు, ఉంగరం వేలు పడింది. ఆకుపచ్చ లైటు వెలగ్గానే ఆ ఆఫీసులో అందరి ముందూ చప్పట్లు కొట్టింది మేడమ్.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఆప్షన్లు అంటే మనం కోరుకునే కాలేజీల వరస. పైనున్నదాన్ని ముందు చూస్తారట, అది దొరికితే కిందవి ఇక చూడరట. ఒకసారి మూసేశాక ఏడ్చినా మారదట. అందుకని ఆమె దాన్ని తిన్నగా కంప్యూటరులో పెట్టేది కాదు. కాగితం మీద పెన్సిలుతో రాసి ఇంటికి పంపేది. “మూడ్రోజులు గోడకి అంటించండి. ఇంటిల్లిపాదీ దెబ్బలాడుకోండి. దెబ్బలాట అయిపోయేక, ఆకరి రోజున అట్టుకురండి, ఎక్కిద్దాం” అనేది. బ్యాగులో ఎప్పుడూ రెండు రబ్బర్లు ఉండేవి.

మా గోడ మీదికి వచ్చిన కాగితంలో అన్నిటికన్నా పైన కాకినాడ ఉంది, అన్నిటికన్నా కింద టెక్కలి. నేను దెబ్బలాడ్డానికి ఇంట్లో ఎవరూ లేరు గనక కాగితం పీకి తిన్నగా లైబ్రరీకే వెళ్లాను.

“కాకినాడేటి? ఆ ఊరు నానెప్పుడైనా సూసినానా? టెక్కలి పైకెట్టు.”

“టెక్కలి మంచిదే మామ్మా. కానీ నీ మనవరాలు గుంటకొచ్చిన ర్యాంకుకి కాకినాడ దొరకొచ్చు. పైనెడితే పోయిందేటీ నేదు, రాకపోతే కిందదే వత్తాది.”

“నాకు భయవమ్మా. ఆడగుంట.”

“నాకూ భయవే. పంపించిన పెతి గుంటకీ నాకు భయవే. భయపడతానే పంపించాల. భయం తగ్గేక పంపుతానంటే గుంటకి జుట్టు నెరిసిపోతాది.”

తర్వాత మనవరాలి వైపు తిరిగి, “రైలు దిగేవు. స్టేషను బయటికొచ్చేవు. ఎటు తిరుగుతావు?” అని అడిగింది. పిల్ల నా మొహం చూసింది. “మామ్మని సూడకు, ఆవిడక్కడ ఉండదు” అంది మేడమ్. ప్రతి పిల్లనూ అలాగే అడిగేదట. తెలియదన్న పిల్ల చేత అప్పటికప్పుడే ఆ కాలేజీ హాస్టలుకు ఫోను చేయించేది. మాట్లాడుతుంటే పక్కన కూర్చుని పెన్సిలు చెక్కుకుంటూ ఉండేది, అందించేది కాదు.

ఇక నేను చేసిన తప్పు. దరఖాస్తులో ఫోను నంబరు రాయాల్సి వచ్చింది. మా వీధిలో ఒకామెను ఫోనులో అంకెలు అడిగి మోసం చేశారు. అప్పట్నుంచి ఫోనుకు అంకెలు వస్తే నాకు పాము కనబడినట్టే. మా నంబరు వద్దు, నీది రాయమన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

“సీటు మీది మామ్మా. తాళం మీ దగ్గరుండాల.”

“మా నంబరు రాత్తే గుంటని ఇప్పుడే ఇంటికి అట్టుకుపోతాను. సదువూ వొద్దు, ఏటీ వొద్దు.”

తన నంబరు వేసింది. ఆమె నాతో ఓడిపోయిన దెబ్బలాట అదొక్కటే.

అప్పటికే ఆమె వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు వెళ్తోంది. ఒక చేతికి సూదులు, నాలుగు గంటలు కదలకూడదు. పిల్లలు బయట బల్ల మీద కూర్చుంటే లోపలి నుంచి రెండో చేత్తో ఫోను పట్టుకుని ఒక్కొక్కరితో మాట్లాడేది. మంచినీళ్లు సీసా మూతతో కొలుచుకు తాగేది. మా ఇంటాయన్ని తీసుకుపోయింది కూడా ఆ కిడ్నీ జబ్బే. అందుకని నా చూపు ఆమె పాదాల మీదికే పోయేది. చివరి వారం ఆమె చెప్పు విడిస్తే పట్టీ నొక్కు చర్మంలో అలాగే ఉండిపోయింది, ఎంతకీ లేవలేదు. నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు. పైకి చెబితే నిజమైపోతుందని భయం.

మంగళవారం కబురు వినగానే ముందు టెక్కలి బస్సెక్కాం. దరఖాస్తులు చూసే సెంటరులో నంబరు మార్చమని అడిగాం. కాగితం తీసుకున్నారు, మర్యాదగానే చెప్పారు, మారేసరికి రేపవుతుందని. మాకు రేపు లేదు. తిరిగి వచ్చే బస్సులో పిల్ల ఏడవలేదు. కిటికీలోంచి చూస్తూ, “అమ్మమ్మా, రేపట్నించి నన్నూ సెడ్డుకి తీసుకెల్లిపో” అంది. ఒళ్లో ఉన్న దాని చేతులు చూశాను. తెల్లగా ఉన్నాయి. వేళ్ల మీద గీతలన్నీ ఉన్నాయి.

మాలో చావింటి నుంచి పుల్ల కూడా తేరు. పలకరించడానికి వెళ్తే మంచినీళ్లు ముట్టరు, వెళ్లొస్తామని చెప్పరు. ఇంటికొచ్చి తలకు పోసుకున్నాకే ఏదైనా. అది తెలియనిదాన్ని కాదు నేను. ఆటో మాట్లాడుకుని వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. మగవాళ్లు శవాన్ని తీసుకుని వెళ్లిపోయారు. తల పెట్టిన చోట, గోడ వారన, దీపం వెలుగుతోంది. మేడమ్ అత్తగారు స్తంభానికి ఆనుకుని ఉంది. ఆడపడుచు గుమ్మంలో కూర్చుంది.

నేను ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. ఏడుస్తూనే పొద్దు ఎక్కడుందో చూసుకున్నాను.

“అమ్మా, నాకు మేడమ్ ఫోను కావాల” అన్నాను.

ఆడపడుచు లేచి నిలబడింది. “ఏటన్నావు? బూడిదైనా సల్లారనేదు. అప్పుడే ఫోను కావాలా? సిగ్గునేదేటి నీకు?”

“నేదు. సిగ్గు రేపొత్తాది. గుంట సీటు ఇయాలే పోతాది.”

“నీ గుంట గోల నీది. మా ఇంట్లో సావు మాది. ఎల్లెల్లు.”

నేను వెళ్లలేదు. అక్కడే నేల మీద కూర్చున్నాను. లేస్తే మళ్లీ కూర్చునే ధైర్యం ఉండదని తెలుసు. “నన్ను తిట్టు. కొట్టు. ఫోనిచ్చి కొట్టు” అన్నాను.

అప్పుడే లోపలి గదిలో ఫోను మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. అందరం అటే చూశాం గానీ ఒక్కరం కదల్లేదు.

“పొద్దున్నించి అదలా ఏడుత్తనే ఉన్నాది” అంది అత్తగారు, ఎవరి మొహమూ చూడకుండా. “ఎవులో గుంటలు. తీసి ఏటి సెప్పాలో మాకు తెల్దు. నా కోడలు ముద్ద నోటికాడున్నా ఫోను తీసీది. ఇచ్చీవే.”

“మైలమ్మా!” అంది ఆడపడుచు.

“మైలైతే తలకి పోసుకుంటారు. సీటు పోతే ఏటి పోసుకుంటారు?”

ఆడపడుచు లోపలికి వెళ్లి ఫోను తెచ్చింది. నా చేతికివ్వలేదు. మనవరాలి ముందు నేల మీద పెట్టి, కొంగుతో మొహం కప్పుకుంది.

పిల్ల మా ఫోను తీసి ఏవేవో నొక్కింది. మేడమ్ ఫోను వైపు చూశాం. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది. రాలేదు. మూడోసారికి ఆ అద్దం వెలిగింది. తాళం తియ్యకుండానే అంకెలు పైన కనబడ్డాయి. జీవితంలో మొదటిసారి అంకెలు చూసి దండం పెట్టాను.

పెన్సిలు కాగితం ఒళ్లో పెట్టుకుని పిల్ల ఒక్కొక్క పేరూ ఎక్కించింది. పైన కాకినాడే. చివర, వేలు గాల్లో ఆపి, “మూసీమంటావా అమ్మమ్మా?” అంది. తలూపాను. మూసేసింది.

సీటు ఎక్కడ వస్తుందో ఈ మాటలు చెబుతున్న రోజుకు ఇంకా తెలియదు. కాకినాడ వస్తుందేమోనని భయం. రాదేమోనని అంతకన్నా భయం.

మేము లేవబోతుండగా మేడమ్ ఫోను మళ్లీ మోగింది. పిల్ల అత్తగారి వైపు చూసింది. ఆమె తలూపింది. పిల్ల తీసింది. అవతల ఏడుపు. “మేడమ్ నేరు” అంది మనవరాలు. కాస్త ఆగి, “ఏడకే. నువ్వూ మేడమ్ నంబరే ఇచ్చీనావా? ఇప్పుడు నొక్కు. నాను సూసి సెప్తాను” అంది. నాలాంటి పిరికి ముసలాళ్లు ఇంకా ఉన్నారన్నమాట.

ఆ పిల్ల అయ్యాక ఇంకో పిల్ల. ఇంతలో మగవాళ్లు స్నానాలు చేసి తడిబట్టలతో వాకిట్లోకి వచ్చి ఆగిపోయారు. పంచెల నుంచి నీళ్లు కారుతున్నాయి. మేడమ్ భర్త ముందున్నాడు. లోపల తన భార్య ఫోనులో ఎవరో పిల్ల మాట్లాడుతుంటే విన్నాడు. కోప్పడతాడని నేను కళ్లు మూసుకున్నాను.

“సార్జింగుందా దానికి?” అన్నాడు.

ఎవరూ జవాబు చెప్పకముందే లోపలికి వెళ్లి చార్జరు తెచ్చాడు. తీగ పొట్టిది. ఉన్న ఒక్క ప్లగ్గూ దీపం పెట్టిన గోడకే ఉంది. పిల్ల జరిగి జరిగి దీపం పక్కకు వెళ్లి కూర్చుంది. గాలికి ఆరిపోకుండా ఒక చెయ్యి దీపానికి అడ్డం పెట్టింది. రెండో చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, మాకెవరికీ తెలియని ఏ ఊరి పిల్లకో, ఒక్కొక్క అంకె నెమ్మదిగా చెబుతోంది.