దేవుడి గంప

2022 వేసవి. నూజివీడులో ఒక డిగ్రీ కాలేజీలో పర్యావరణం, మతం కలిపి ఒక పేపర్ చెబుతున్నాను. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెడుతున్నానని తోటి లెక్చరర్లు ఆటపట్టించేవారు. నేను పట్టించుకోలేదు. మామిడి తోటల మధ్య ఉండి ఈ పాఠం చెప్పలేనివాళ్ళు ఇంకెక్కడా చెప్పలేరని నా నమ్మకం.

నా పద్ధతి తేలిక. శ్లోకాలు బట్టీ పట్టించను, చెట్టు దేవతా కాదా అని వాదన పెట్టను. మా చదువులో లివ్డ్ రెలిజియన్ అని ఒక మాట ఉంది. గ్రంథాల్లో ఉన్న మతం కాదు, మనుషులు రోజూ ఇంట్లో ఆచరించే మతం అని దానర్థం. అందుకే పిల్లలకి ఒకే ప్రశ్న ఇచ్చి ఇంటికి పంపుతాను. మీ ఇంట్లో దేవుడికోసం ఏ పని వేరుగా చేస్తారు?

ఆ ఏడాది శ్రావణి అనే అమ్మాయి లేచి తన జవాబు చదివింది. వాళ్ళ నాన్న ఊళ్ళో మామిడి వ్యాపారి. దేవుడికి పెట్టే మొదటి గంప రసాలను వరిగడ్డిలోనే మగ్గబెడతారని, బయటికి పంపే కాయలకే కార్బైడ్ పొట్లాలు పెడతారని గొప్పగా చెప్పుకుంది. కార్బైడ్ కాయను తొందరగా పండించే మందు. దాన్ని వాడకూడదని నిషేధం ఉంది. ఆ పిల్లకి మాత్రం అందులో కనిపించింది వాళ్ళింటి భక్తి ఒక్కటే. సాయంత్రానికల్లా సంగతి మండీ దాకా పాకింది.

మర్నాడు వాళ్ళ నాన్నగారు నేరుగా క్లాసుకే వచ్చారు. ఇంటి గుట్టు రచ్చకెక్కించే చదువు తమకొద్దని, పిల్లని మాన్పించేస్తానని అన్నారు. శ్రావణి తల వంచుకుని పుస్తకాలు సర్దుకోసాగింది. నాకు భయం వేయలేదు గానీ, బాగా చదివే పిల్లని అలా పోనివ్వదలచుకోలేదు.

"మీ వ్యాపారం సంగతి తర్వాత మాట్లాడుకుందామండీ. ముందు దేవుడి గంప ఎందుకు వేరు పెడతారో పిల్లలకి మీరే చెప్పండి," అన్నాను.

ఆయన అది ఊహించలేదు. కుర్చీ వేయిస్తే కూర్చుని, బాగానే చెప్పారు. అది వాళ్ళ తాతగారి నాటి అలవాటట. దేవుడి నోటికి మందు తగలకూడదట. ఇంట్లో తినే పళ్ళు కూడా గడ్డిలో మగ్గినవేనట.

"మరి కొనుక్కునేవాళ్ళకి, నాన్నా?" అని శ్రావణి మెల్లగా అడిగింది.

ఆయన కూతురి వంక చూశారు. "లారీ ఎక్కాక వాటిని ఎవరు తింటారో నాకేం తెలుసమ్మా," అన్నారు.

తర్వాత ఆయనే లేచి, "నువ్వడిగినదాంట్లో తప్పులేదులే," అంటూ కూతురి భుజాన ఉన్న సంచీ తీసి బెంచీమీద పెట్టి, నాకు నమస్కారం చేసి వెళ్ళిపోయారు. శ్రావణి చదువు ఆగలేదు.

అంతవరకు మతం ప్రకృతిని కాపాడుతుందా అన్నదే నా పాఠం. మా ఊళ్ళో భక్తికి కొదవ లేదు. అది గడప దాటి ఎంత దూరం వెళుతుందో చూడాలని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు పిల్లలకి రెండో ప్రశ్న కూడా ఇస్తున్నాను. ఆ పని ఇంకెవరికోసం చేయవచ్చు? దానికి జవాబు రాయాలంటే చాలామంది ఇంటికెళ్ళి నాన్నని అడగాల్సి వస్తోంది.