లేజర్ పొగ, సుశీలక్క వడియాలు

అది 2021 వేసవి. నందికొండలో గుట్ట మీది క్వార్టర్లు. ముందు పోయినవాటి లెక్క చెబుతాను. కిటికీ తెర ఒకటి, కళ్లద్దాల జత ఒకటి, సగ్గుబియ్యం జావ ఒక గిన్నెడు, ఎండిన వడియాలు రెండు వందల పన్నెండు. మనుషులకు ఏమీ కాలేదు. నిప్పుతో పని కాబట్టి ఆ మాట మొదటే చెప్పడం మంచిది.

నేను నల్లగొండలో ఉంటాను. ఇంట్లో పెట్టుకునే చిన్న లేజర్ కట్టర్లు తెప్పించి, బిగించి, వాడటం నేర్పి వస్తాను. కంప్యూటర్లో గీసిన గీత వెంట వెలుతురు కిరణాన్ని నడిపి చెక్కను కోసే పెట్టె అది. కోయడం అంటున్నాం గానీ నిజానికి అది కాల్చడమే, అందుకే పొగ వస్తుంది. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. కొలతలు వేసుకుంటూ, రెండు మిషన్లు పాడుచేసుకుని నేర్చుకున్నాను.

యాదగిరి డ్యామ్ గేట్ల మీద పనిచేసి రిటైరైన మనిషి. ఇరవై ఆరు గేట్లూ పైకీ కిందికీ కదిలేలా చెక్కతో డ్యామ్ నమూనా చేయాలన్నది ఆయన పట్టుదల. "చేతులు ఊకుంటలెవ్వు సారూ. ముప్పై ఏండ్లు ఎత్తుడు దించుడే. ఇప్పుడు ఎత్తెతందుకు ఛాయ్ గిలాస తప్ప ఏం లేదు" అన్నాడు మిషన్ కొన్నరోజు.

పొగను బయటికి తోసే ఫ్యాన్‌నీ పైపునీ ఎగ్జాస్ట్ అంటాం. పైపును యాదగిరి ఇంటి డాబా మీదికి తీసుకుపోతే పద్నాలుగు అడుగులు, రెండు వంపులు. వెనక కిటికీలోంచి తీస్తే నాలుగు అడుగులు, వంపే లేదు. వంపు వంపుకూ గాలి జోరు తగ్గుతుంది. కాగితం మీద లెక్క వేసి కిటికీనే ఖాయం చేశాను. ఆ లెక్కలో తప్పు లేదు. ఇప్పటికీ అదే అంటాను.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. "సారూ, మీ మిషన్ మంచిగనే ఉన్నది. మనుషులే ఖరాబయిన్రు. జర జల్ది రా."

వెళ్లేసరికి మిషన్ నిండా సగ్గుబియ్యం. యాదగిరి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన కుర్చీలో ఒకామె కూర్చుని ఉంది. కింది క్వార్టర్ సుశీలక్క. చర్చిలో విందులకు వడియాలు పోసి ఇచ్చేది ఆమే. వచ్చే ఆదివారం విందుకు పోసినవన్నీ గుడ్డలో మూటకట్టి ఒడిలో పెట్టుకుంది.

"పైపు పెట్టింది నువ్వేనా తమ్మీ? వాసన సూడు."

చూశాను. కొత్త చెక్క బీరువా తలుపు తెరిచినట్టుంది. యాదగిరి కోసేది ఎండీఎఫ్, అంటే చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక. పొగలో ఆ జిగురు కూడా కలుస్తుంది. ఈ వడియాలను మనుషులే కాదు, కోళ్లు కూడా తినకూడదని చెప్పాను.

"మరి మిషన్ మీద జావ ఎవరు పోశారు?" అని అడిగాను.

"నేనే. మా డాబా మీద వడియాలు పోస్తున్న. పొగ మీదికొచ్చింది. గిన్నె చేతులనే ఉన్నది, కొట్లాడుదామని ఎక్కొచ్చిన. ఈన లేడు. తెర అంటుకున్నది. ప్లగ్గు పీకిన, గిన్నె గుమ్మరిచ్చిన."

"ముందు ప్లగ్గు పీకినవా అక్కా?"

"నాకు తెల్వదా? కరెంటు మా ఇంట్ల లేదా?"

యాదగిరి వైపు తిరిగాను. "అన్నా, మిషన్ నడుస్తుంటే నువ్వెక్కడ ఉన్నవ్?"

"ఛాయ్‌కు పోయిన. మూడంటే మూడు నిమిషాలు."

మూత తెరిస్తే కిరణం దానంతటదే ఆగిపోవాలి. అందుకు మూత దగ్గర ఒక స్విచ్ ఉంటుంది. యాదగిరి దాని మీద ఫ్రిజ్ మాగ్నెట్ అతికించి, మిషన్ను మోసం చేసి మూత తెరిచే నడిపాడు. పలకకు అంటిన మంట పక్కనున్న తెరకు పాకింది.

"మూత తీస్తె మంచిగ కనవడ్తది సారూ."

"కండ్లు ఉంటేనే గదా కనవడేది. నేనిచ్చిన అద్దాలేవి?"

జేబులోంచి తీశాడు. లేజర్ వెలుతురును ఆపే నారింజ రంగు అద్దాలు. స్కూటర్ మీద పెట్టుకుని తిరిగాడట, గీతలు పడి పనికిరాకుండా పోయాయి. ఇంట్లో లేజర్ ముందు మాత్రం చదువుకునే అద్దాలు పెట్టుకున్నాడు.

"అవి పెట్టుకుంటె అందరు హీరో లెక్క ఉన్నవన్నరు" అన్నాడు మెల్లగా.

"హీరోకు రేపటిసంది మిషన్ లేదు. సారు తీస్కపోతడు" అంది సుశీలక్క. యాదగిరి తను కోసిన గేట్ల వైపు తిరిగాడు. బల్ల మీద పదకొండు గేట్లు వరుసగా ఉన్నాయి. ఇంకా పదిహేను కోయాలి.

మిషన్ దోషం లేదని చెప్పబోయి కాగితం తీశాను. అడుగులు, వంపులు, గాలి జోరు అన్నీ వివరించాను. ఆమె ఓపిగ్గా విని అడిగింది. "ఈ కాగితంల నా డాబా యాడున్నది?"

గుట్ట వాలు మీద కట్టిన ఇళ్లు అవి. పైవాళ్ల కిటికీకి సరిగ్గా కిందే కిందివాళ్ల డాబా. నేను పైపు బిగించిన రోజు అది ఖాళీగా ఉంది. నా లెక్క పైపు చివర ఆగిపోయింది, పొగ ఆగలేదు.

ఆమె యాదగిరి వైపు తిరిగింది. "యాదన్నా, సైరన్ కొట్టకుంట ఒక్కనాడన్న గేటు ఎత్తినవా?"

"ఎట్ల ఎత్తుత? కింద చాపలు పట్టెటోళ్లుంటరు."

"మరి నీ కిటికీ కింద నేను లేనా?"

నేను కాగితం మడిచాను. యాదగిరి గోడ వదిలి వచ్చి మాగ్నెట్ పీకి జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రమే పెద్ద ఫ్యాన్ తెప్పించి పైపును యాదగిరి డాబా పైకెక్కించాను, రెండు వంపులతోనే. తెర మళ్లీ కట్టనివ్వలేదు. మంటలార్పే సిలిండర్ ఒకటి గోడకు బిగించాను. కొత్త అద్దాలు మిషన్‌కే తాడుతో కట్టేశాను. మిషన్ నడుస్తున్నంతసేపూ లేవకూడదనీ, ఛాయ్ తాగి వచ్చాకే మొదలుపెట్టాలనీ రాయించి అతికించాను.

నేను చెప్పని పని ఒకటి యాదగిరి తనంతట తానే పెట్టుకున్నాడు. మీట నొక్కేముందు విజిల్ ఊదుతాడు. కింది డాబా మీంచి "ఆగూ!" అని కేక వస్తే ఆగుతాడు. వడియాలు లోపలికి పోయాక "ఎత్తూ!" అని వినిపిస్తుంది. మిగిలిన పదిహేను గేట్లూ అలాగే పూర్తయ్యాయి.

అప్పటినుంచి ఏ ఇంట్లో పైపు బిగించినా మొదట కిటికీలోంచి తల బయటపెట్టి కిందికి చూస్తాను. ఖాళీగా ఉంటే, రేపు ఎవరు వస్తారని అడుగుతాను.

పోయినవాటికి డబ్బిస్తానంటే సుశీలక్క ఒప్పుకోలేదు. "పోయినయి వడియాలు. వడియాలే ఇయ్యి" అంది. "నీ పైపుకు నా చేతులా?" అంటూనే మా ఆవిడ రెండు వందల పన్నెండూ పోసింది. సుశీలక్క ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి, మందంగా ఉన్నాయని పదహారు తిప్పి పంపింది. ఏటా సర్వీసుకు వెళ్లినప్పుడు ఆ పదహారూ కొత్తగా పోయించి పట్టుకెళ్తాను. ఆమె వాటినే నూనెలో వేయించి, యాదగిరికీ నాకూ అన్నంలోకి పెడుతుంది. మేం తిన్నవి జమలోకి రావట.

నేటికి బాకీ పదహారు వడియాలు.