రెండు గంటలు పండుకుంట అన్నందుకు

చికెన్‌గున్యా వచ్చిపోయిన కాన్నుంచి నా ఒళ్లు నా మాట వినుడు బంద్ చేసింది. జ్వరం వారంల తగ్గింది. కీళ్ల నొప్పులు మూడు నెలలకు తగ్గినయి. సత్తువ మాత్రం తిరిగి రాలె. పొద్దున లేశి పాల క్యాన్లు కడిగి, బిడ్డను బడికి తయారు చేసేసరికే మోకాళ్లు వణుకుతుండె. దానికి తోడు చప్పుడు పడకపోతుండె. కుక్కర్ కూస్తే పండ్లు జిల్లుమంటుండె. నలుగురు ఒక్కసారి మాట్లాడితే ఎవ్వరి మాటా సమజ్ కాకపోతుండె.

దవాఖానల డాక్టరమ్మ చూసి, "కొందరికి ఇది ఏండ్ల తరబడి ఉంటదమ్మా. అలిసిపోయినంక పండుకుంటే లాభం లేదు. అలిసిపోకముందే పండుకోవాలె" అన్నది.

ఆ మాట ఇంటికొచ్చి చెప్పిన. మా అత్తమ్మ బర్రెల పెండ తీస్తున్న చేతులు ఆపకుండనే నవ్వింది. "గట్లయితే నేను పుట్టినప్పటి నుంచి పండుకునే ఉండాలె."

కార్వాన్ బస్తీల మాది పాల ఇల్లు. ఇంటెనుక కొట్టంల పద్నాలుగు బర్రెలు. అత్తమ్మ తన నలుగురు పిల్లలను కన్న దినాలల్ల కూడ పాలు పిండిన మనిషి. ఆమెకు బీమారంటే కట్టు కట్టేదో, రక్తం కారేదో కావాలె. నాకు పైకి ఏమీ కానరాదు.

ఆ ఎండకాలం మా ఆడిబిడ్డ పెండ్లి కుదిరింది. నేను నెల ముందు నుంచే ఆలోచన చేసిన. పెండ్లికి రెండు దినాల ముందు నుంచి గడప దాటొద్దు. చీర మడతలు పెట్టి పిన్నులు గుచ్చి ముందే తయారుంచాలె. ఫంక్షన్ హాల్‌ల స్పీకర్లకు దూరంగ, బయటి తలుపు దగ్గర కూసోవాలె. చెవులల్ల దూది పెట్టుకుని, పైనుంచి జుట్టు దువ్వుకోవాలె. అన్నిటికంటే ముఖ్యం, మధ్యాహ్నం రెండు గంటలు పండుకోవాలె. అప్పుడే సాయంత్రం బరాత్‌ల నిలబడగలుగుత.

అత్తమ్మను అడిగిన. "రెండంటే రెండే గంటలు అత్తమ్మా. హాల్ పైన ఖాళీ అర్ర ఉన్నదంట."

"పండుకో బిడ్డా. నిన్నెవలు వద్దంటరు" అన్నది. ఎంత మంచిగ అన్నదంటే, నేను ఆమె కాళ్లు మొక్కుదామనుకున్న.

పెండ్లి దినం అంతా అనుకున్నట్టే నడిచింది. తలంబ్రాలు అయినయి, చుట్టాలకు దగ్గరుండి వడ్డించిన. తలకాయల సన్నగ మోత మొదలైతుంటే అత్తమ్మకు చెప్పి పైకి పోయిన. పరుపు మీద బెడ్‌షీట్ కూడ లేకుండె. పండుకున్న పది నిమిషాలల్ల నిద్ర పట్టింది.

లైటు మొఖం మీద పడి లేశిన. తలుపుల అత్తమ్మ. ఆమెనుక పదిపన్నెండు మంది ఆడోళ్లు, అందరు పట్టుచీరలల్ల.

"చూడుండ్రి" అన్నది అత్తమ్మ. "పెండ్లి నా బిడ్డది. శోభనం అర్ర మా కోడలిది."

ఆ నవ్వు ఇంకా నా చెవులల్ల ఉన్నది. ఒకామె ఫోను పట్టుకుని వీడియో తీసింది. నేను చెదిరిన జుట్టుతోని, చెవులల్ల దూదితోని, పైట సదురుకుంట కూసున్న. ఆ వీడియో అయిదు నిమిషాలల్ల మా ఖాన్‌దాన్ వాట్సాప్ గ్రూపుల పడ్డది. కింద నా మొగడు మూడు నవ్వే బొమ్మలు పెట్టిండు.

నేను ఏడ్వలె. మొఖం కడుక్కుని, దూది తీసి పారేసిన. సాయంత్రం పురానాపూల్ దిక్కు బరాత్ బయలెల్లితే, బ్యాండుకు ముందు నిలబడి తీన్మార్ ఆడిన. డీజే బండి పక్కకే నిలబడి ఆడిన. అత్తమ్మ చూస్తుండంగ ఆడిన. అరగంటకు రోడ్డు మీద పడిపోయిన.

పదకొండు దినాలు మంచంల ఉన్న. గోడ దిక్కు తిరుగుడు కూడ పనే అయింది. అత్తమ్మ అన్నం పళ్లెం గడప మీద పెట్టి, "మహారాణీ, ఇక్కడిదాంక వస్తరా, మోసుకరావాలెనా?" అంటుండె. నా మొగడు ఒకదినం మంచం అంచున కూసున్నడు. మంచి మాటేదో చెప్తడనుకున్న.

"పెండ్లిల గంత ఎగిరినవు గదా. అప్పుడు లేని బీమారి ఇప్పుడెట్లొచ్చింది?" అన్నడు.

నేను గోడ దిక్కు తిరిగిన.

రెండేండ్లు గడిచినయి. నేను అడుగుడు మానేసిన. నా బిడ్డకు అప్పుడు ఏడేండ్లు. అది బడి నుంచి వచ్చినంక ఎవ్వరితోని మాట్లాడకుండ గడ్డి పెట్టే అర్రల ఒక్కతే కూసునేది. ఎందుకో నాకు తెలుసు. తెలిసీ తెలవనట్టున్న.

ఆ ఆషాఢం బోనాలకు గుడి ముందు మస్తు జనం. పక్కపక్కకే నాలుగు డప్పుల దండ్లు. నా బిడ్డ రెండు చేతులతోని చెవులు మూసుకుని నా కొంగుల మొఖం పెట్టింది.

"అమ్మా, తలకాయల ఎట్లనో అయితుంది. ఇంటికి పోదాం."

మా చిన్నత్త వంగి చూసి, "అచ్చం తల్లి తీరే" అన్నది. పక్కోళ్లు నవ్విండ్రు. అత్తమ్మ బిడ్డను చూడలె. నన్ను చూసింది.

నేను ఆ చేతులు చెవుల మీదికెంచి గుంజేసిన. "ఆడు" అన్న.

"వద్దమ్మా."

చెంప మీద కొట్టిన. అందరి ముందు, గట్టిగ. "ఆడుమంటున్న గదా!"

అది ఆడింది. కండ్లల్ల నీళ్లు కారుతుంటే, డప్పుకు తప్పకుండ కాళ్లేసుకుంట ఆడింది. "గట్ల! గిప్పుడు మా ఇంటి పోరి" అన్నది అత్తమ్మ. జనంల నా భుజం మీద చెయ్యేసింది. పెండ్లయి వచ్చినంక ఆమె నన్ను గట్ల తాకుడు అదే మొదలు. నాకు సంబురమైంది. ఆ మాట నేను దాయదల్చుకోలె. నా బిడ్డ ఏడ్సుకుంట ఆడుతుంటే నాకు సంబురమైంది.

జర సేపటికి అది పక్కకొచ్చి కక్కుకుంది. కొంగుతోని మూతి తుడిచి, మళ్ల తోలిన.

ఇప్పుడు దానికి పదకొండేండ్లు. ఏ ఫంక్షన్‌కైనా ముందుంటది. స్పీకర్ల పక్కకే నిలబడి నవ్వుతది. చుట్టాలందరు మెచ్చుకుంటరు. మొన్న ఇంట్ల సత్యనారాయణ వ్రతం అయింది. ముప్పై మంది వచ్చిండ్రు. వంటింట్ల అది గోడకు ఆనుకుని నిలబడ్డది. పెదవులు తెల్లగ పాలిపోయి ఉన్నయి. పదకొండు దినాలు మంచంల పండి అద్దంల చూసిన ఆ తెలుపు నాకు తెలుసు.

"అలిసిపోయినవా బిడ్డా? నా అర్రల జర సేపు పండుకో. ఎవరన్న అడిగితే నేను చెప్త" అన్న.

అది ముందుగాల నా చెయ్యి దిక్కు చూసింది. తర్వాత మొఖం దిక్కు.

"లేదమ్మా. నాకేం కాలె" అని నవ్వింది. చాయ గిలాసలు పళ్లెంల సదురుకుని చుట్టాల మధ్యలకు పోయింది.