వెర్నీస్ గిటెన్స్ మెడలోని టై

తాను చదివిన బడి మూతపడిందన్న కారణంతో, అరవై ఆరేళ్ల పౌరురాలికి బహిరంగ సభలో మాట్లాడే హక్కు లేకుండా చేశారు. ఆ సభను ఏర్పాటు చేసిందేమో బడుల మధ్య హెచ్చుతగ్గులను పోగొట్టే మార్గం చర్చించడానికి! ఆహ్వాన ప్రకటన, కార్యక్రమ పత్రం, మరునాటి పత్రికల కత్తిరింపులు నా వద్ద భద్రంగా ఉన్నాయి. కాదనదలచినవారు వచ్చి చూసుకోవచ్చు.

ఆమె పేరు వెర్నీస్ గిటెన్స్. మా దీవిలోని స్పైట్స్‌టౌన్ బస్టాండు పక్కన చేపలు వేయించి అమ్ముతుంది. ఆమె వేయించే ‘ఎగిరే చేప’ అనే రకం కోసం మంత్రులు సైతం కారు దిగి నిలబడతారు. మిరప సాసు ఇంకాస్త వేయమంటే మాత్రం ఎంతటివారికైనా ఒకటే మాట: "ముందు తిను నాయనా, తర్వాత ఏడుద్దువుగాని."

పదకొండో ఏట రాసిన, మార్కులను బట్టి హైస్కూలు కేటాయించే ప్రవేశ పరీక్ష ఆమెను కోల్‌మన్స్ హిల్ బడికి పంపింది. ఆ బడి ఇప్పుడు లేదు. ఆ గదుల్లో ప్రభుత్వం విరిగిన కుర్చీలు దాస్తోంది. అదే పరీక్ష ఈమధ్య ఆమె మనవరాలు జాలియాను దీవి అవతలి కొసకు పంపింది. ఇంటి ఎదురుగానే ఒక హైస్కూలు ఉంది. దాని గంట మోగే వేళకు ఆ పిల్ల రెండో బస్సులో నిలబడి కునికిపాట్లు పడుతూ ఉంటుంది. దగ్గరి పిల్లకు దగ్గరి బడిలో చోటెందుకు లేదని అడగడానికే వెర్నీస్ ఆనాడు కొట్టు మూసి సభకు వచ్చింది.

సభాస్థలి సెయింట్ ఆల్డెన్స్ బాలుర పాఠశాల. పూర్వ విద్యార్థి సంఘాలకు తలా మూడు నిమిషాలు. బడి స్థాపించిన సంవత్సరాన్ని బట్టి వరుస. మొదటి గంటంతా ఏ బడి ముందు పుట్టిందో తేల్చుకోవడానికే సరిపోయింది.

"ఆ రోజుల్లో మీ బడికి పైకప్పే లేదయ్యా!"

"పైకప్పు లేకపోతేనేం, లాటిన్ ఉండేది!"

వెర్నీస్ లేచి నిలబడింది. అధ్యక్షుడు ఎవర్టన్ లాష్లీ కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఏ బడమ్మా?"

"కోల్‌మన్స్ హిల్ అయ్యా."

"దాన్ని మూసేశాం కదమ్మా."

"బడిని మూశారు. నా నోరు మూయలేదు కదా."

హాలు ఘొల్లున నవ్వింది. అయినా నియమం నియమమే: సంఘం లేనివారికి వంతు లేదు.

ఆమె పక్కన సింక్లెయిర్ యర్‌వుడ్ కూర్చున్నాడు. కస్టమ్స్‌లో పనిచేసి రిటైరైనవాడు, ఆమె కొట్టుకు పాత ఖాతాదారు, సెయింట్ ఆల్డెన్స్ పూర్వ విద్యార్థి. తన మెడలోని టై ఊడదీసి అందించాడు.

"కట్టుకో వెర్నీసూ. మా బడి తరఫున మాట్లాడాల్సింది నేనే. నా వంతు నీకిచ్చేశా."

"మగపిల్లల బడి టై నాకేంటయ్యా? నవ్విపోతారు."

"నవ్వనీ. టై కనబడితే చాలు, ఆ లాష్లీ మనిషిని చూడడు."

పూలగౌను మీద ఎర్రటి టైతో ఆమె మైకు దగ్గరకు నడిచింది. టై చూడగానే లాష్లీ సగం లేచి, "రండి, రండి" అన్నాడు.

"మా ఇంటి ఎదురుగానే బడి ఉందండి. కానీ నా మనవరాలు..."

"ఆగండి!" వెనుక వరుసలోంచి ఒక కేక. "ఆ టైకి వెండి గీత ఉంది! అది మొదటి జట్టులో క్రికెట్ ఆడినవాళ్లే కట్టాలి!"

బాలుర బడి టై మహిళ మెడలోకి ఎలా వచ్చిందని ఒక్కరూ అడగలేదు. ఆమె క్రికెట్ ఆడిందా లేదా అన్నదే ప్రశ్న.

"అది నా టై!" యర్‌వుడ్ లేచాడు.

"నువ్వెప్పుడు ఆడావోయ్? నీళ్లు మోశావు!"

"పన్నెండో ఆటగాణ్ణి! క్యాచ్ కూడా పట్టాను!"

"పట్టింది నీళ్ల సీసానే!"

"మీ ఆట అయ్యాక చెప్పండి నాయనా, నిలబడే ఉంటాను" అంది వెర్నీస్ మైకులోనే. ఆట ముగియలేదు, హాలు సమయం ముగిసింది. ఉత్సాహంగా పాల్గొన్నందుకు లాష్లీ అందరికీ ధన్యవాదాలు తెలిపాడు. ఆమె టై విప్పుతూ, "ఉతికి ఇస్తానయ్యా, చేప వాసన అంటుకుంది" అంది. యర్‌వుడ్ వినే స్థితిలో లేడు. ఆ క్యాచ్ ఎలా పట్టాడో ఇంకా ఎవరికో చూపిస్తున్నాడు.

సభ నివేదికలో "అన్ని వర్గాల అభిప్రాయాలు స్వీకరించడమైనది" అని అచ్చువేశారు. ఆ ప్రతి కూడా నా వద్ద ఉంది.

ఆ సభ పెట్టిన సంప్రదింపుల సంఘంవారూ! మరో సభను స్పైట్స్‌టౌన్‌లోనే పెట్టండి. వెర్నీస్ గిటెన్స్‌ను అందరికంటే ముందు పిలవండి. ఏ బడి అని అడగకుండా ఆమె ప్రశ్న పూర్తిగా వినండి. ఇంటి ఎదుటి బడిలో జాలియాకు చోటెందుకు లేదో ఆమె ముఖం చూసి అక్కడే జవాబు చెప్పండి.